చెంచాతో తినే తిండి ఎటు పోయింది? బోస్నియా వంటిల్లు, బీపీ, షుగర్

బోస్నియాలో డయాబెటిస్‌ను ‘షెచెర్’ అంటారు. ఆ మాటకు అర్థం చక్కెర. తెలుగువాళ్లు ‘నాకు షుగర్ ఉంది’ అన్నట్టే రాజధాని సారాయెవోలో ఒక పెద్దావిడ ‘నాకు షెచెర్ ఉంది’ అంటుంది. బీపీకి ‘ప్రితిసాక్’ అని పేరు, అంటే ఒత్తిడి. ఇవి ఎందుకొచ్చాయని అడిగితే చాలామంది నోట వచ్చే జవాబు మాత్రం ఒక్కటే: ‘సికిరాత్సియా’. దిగులు, టెన్షన్, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోవడం, అన్నీ కలిసిన మాట అది. డాక్టరు తిండి వల్ల అంటాడు, రోగి సికిరాత్సియా వల్ల అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. రోగి చెప్పేది చాదస్తమని కొట్టిపారేస్తే బోస్నియా ప్రజల ఆరోగ్యం గురించి అర్థమయ్యేది చాలా తక్కువ.

బోస్నియా హెర్జెగోవినా చిన్న దేశం. 1991లో జనాభా దాదాపు 43.7 లక్షలు. 1992-95 యుద్ధం, వలసలు అయ్యాక 2013 లెక్కల్లో 35 లక్షలకు పడిపోయింది. ముస్లిం బోస్నియాక్‌లు, ఆర్థడాక్స్ క్రైస్తవులైన సెర్బులు, కాథలిక్ క్రోయాట్‌లు, ఈ మూడు జాతులూ కలిసి బతికే నేల. పూజలు, పండగలు వేరైనా పొయ్యి మీద ఉడికేది మాత్రం ఇంచుమించు ఒకటే. జబ్బులూ ఒకటే. కోవిడ్‌కు ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఆ దేశంలో ప్రతి పది మరణాల్లో తొమ్మిదికి పైగా దీర్ఘకాలిక జబ్బుల వల్లే జరుగుతున్నాయి. గుండెపోటు, పక్షవాతం అన్నిటికంటే ముందుంటాయి. తర్వాత క్యాన్సర్లు. షుగర్ ఈ రెండిటికీ దారి వేస్తూ ఉంటుంది.

వెంటనే వేలు చూపించేది బురెక్ వైపు, చెవాపి వైపు. బోస్నియా వెళ్లిన పర్యాటకుడు ఫొటో తీసేదీ వాటినే. చెవాపి అంటే వేళ్లంత పొడవున చేసి నిప్పుల మీద కాల్చిన మాంసం ముద్దలు. సోమున్ అనే మెత్తటి రొట్టెలో అయిదో పదో పెట్టి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ‘కాయ్మక్’ అనే ఉప్పటి మీగడతో ఇస్తారు. బురెక్ అంటే కాగితంలా సాగదీసిన పిండిపొరలో మాంసం చుట్టి, కొవ్వు పూసి కాల్చినది. ఇక్కడ బోస్నియావాళ్లకు చాలా పట్టింపు ఉంది. మాంసం పెట్టినదే బురెక్. జున్ను పెడితే సిర్నిత్సా, ఆకుకూర పెడితే జెల్యానిత్సా, బంగాళాదుంప పెడితే క్రోంపిరుషా. అన్నిటికీ కలిపి ‘పీతా’ అని పేరు. జున్ను బురెక్ కావాలని అడిగితే, అలాంటిది లేదని దుకాణంలోనే సరిదిద్దుతారు.

ఈ రెండు వంటకాలూ వందల ఏళ్లుగా ఉన్నవే. జబ్బుల కెరటం మాత్రం కొత్తది. కాబట్టి వంటకం ఒక్కదాన్నే తప్పుపట్టడం తేలికే గానీ అసలు విషయం అందులో దొరకదు. ఆ వంటకం వారంలో ఎన్నిసార్లు పళ్లెంలోకి వస్తోంది, దాని పక్కన ఉండాల్సింది ఏమైపోయింది అనేది చూడాలి.

పక్కన ఉండాల్సినదానికి బోస్నియా ఇళ్లలో ఒక మాట ఉంది: ‘నెష్తో నా కాషికూ’. చెంచాతో తినేది ఏదైనా అని అర్థం. రోజుకు ఒక్కసారైనా చెంచాతో తినే వంట కడుపులో పడాలని తల్లులు పట్టుబడతారు. అంటే పులుసులు, చార్లు, కూరగాయలు వేసి మెల్లగా ఉడికించిన వంటలు. గింజలతో చేసే ‘గ్రాహ్’ ఉంది. చిక్కుడు గింజలు, ఉల్లి, క్యారెట్, ఎర్ర మిరపపొడి వేసి గంటల తరబడి ఉడికిస్తారు. క్యాబేజీ, దుంపలు, మాంసం పొరలు పొరలుగా మట్టికుండలో పేర్చి ఉడికించే ‘బోసాన్‌స్కీ లోనాట్స్’ ఉంది. ‘బేగోవా చోర్బా’ ఉంది. దీని పేరు వినగానే తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది: అందులో వేసేది కోడిమాంసం, బెండకాయ. చిటికెన వేలి గోరంత లేత బెండకాయలను దారానికి గుచ్చి ఎండబెట్టి, దండల్లా అమ్ముతారు. వాటిని ‘బామియా’ అంటారు. ఒట్టోమన్ టర్కుల కాలంలో వచ్చిన బెండ అక్కడి కొండల చలిలో ఎండుకాయగా నిలిచిపోయింది.

ఈ చెంచా వంటలు వండి పెట్టే చిన్న భోజనశాలలను ‘అష్చినిత్సా’ అంటారు. పెద్ద పెద్ద గిన్నెలు వరసగా పెట్టి ఉంటాయి. వేలు చూపించి అడిగితే వడ్డిస్తారు. మధ్యాహ్నం గడిచేసరికి గిన్నెలు ఖాళీ అవుతాయి. పీచుపదార్థం, పప్పుగింజలు, కూరగాయలు, మాంసం కొంచెంగా వేసి రుచి తెచ్చే పద్ధతి, పోషకాహార నిపుణులు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి చెప్పేదంతా ఆ గిన్నెల్లోనే ఉంది. వీధి మూలన ఉన్న బేకరీకి ఉన్నంత పోటీశక్తి మాత్రం దానికి లేదు. బేకరీ పొద్దున్నే తెరుస్తారు, రాత్రి దాకా మూయరు. చేతిలో పట్టుకుని నడుస్తూ తినొచ్చు. తక్కువ డబ్బుతో కడుపు నిండుతుంది.

బేకరీ ఇంతగా గెలవడం వెనక ఒక పాత ఏర్పాటు కూలిపోవడం ఉంది. బోస్నియా యుగోస్లావియాలో భాగంగా ఉన్న రోజుల్లో కర్మాగారాల్లో పనిచేసేవాళ్లకు ‘తోప్లీ ఓబ్రోక్’ ఇచ్చేవారు. వేడి భోజనం అని అర్థం. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గ్రాహ్, క్యాబేజీ కూర, చారు, రొట్టె. లక్షల మంది శ్రామికులు రోజూ ఒక పూట చెంచాతో తిన్నది అక్కడే. యుద్ధంలో ఫ్యాక్టరీలు ధ్వంసమయ్యాయి, మిగిలినవి ప్రైవేటుపరమయ్యాయి, మూతపడ్డాయి. ‘తోప్లీ ఓబ్రోక్’ అనే మాట మాత్రం ఇప్పటికీ బతికే ఉంది, జీతం చీటీలో ఒక అలవెన్సుగా. భోజనం పోయి డబ్బు మిగిలింది. ఆ డబ్బు తీసుకుని మనిషి ఎక్కడికి వెళ్తాడు? అరగంట విరామంలో దగ్గరున్న బేకరీకి వెళ్తాడు. ఒక దేశపు తిండి అలవాటు మారడానికి నాలుక మారక్కర్లేదు, క్యాంటీన్ మూతపడితే చాలు. ఆరోగ్య ప్రచారాల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించకపోవడం బాధ కలిగించే విషయం.

రొట్టె గురించి కూడా చెప్పాలి. అక్కడ రొట్టె లేని భోజనం భోజనం కాదు. బంగాళాదుంప కూరకూ రొట్టె కావాలి, గింజల పులుసుకూ రొట్టె కావాలి. పులిహోర కడుపునిండా తిన్నా చివర నాలుగు ముద్దలు పెరుగన్నం పడితే తప్ప తిన్నట్టుండదని మనవాళ్లు అనుకునేలాంటిదే ఇది. రోజంతా గడ్డి కోసి, కట్టెలు కొట్టి, కొండలెక్కి దిగిన శరీరానికి ఆ రొట్టె ఇంధనం. కారులో వెళ్లి కుర్చీలో కూర్చుని వచ్చే శరీరానికి అదే రొట్టె నడుము చుట్టూ చేరుతుంది. పళ్లెం తాతల కాలం నాటిదే, పని మాత్రం అప్పటిది కాదు.

ఉప్పు ఊరు, ఉప్పు అలవాటు

దేశానికి ఈశాన్యాన తుజ్లా అనే నగరం ఉంది. టర్కీ భాషలో ‘తూజ్’ అంటే ఉప్పు, ఆ మాట నుంచే ఊరి పేరు వచ్చింది. ఊరి కింద ఉప్పు పొరలు ఉన్నాయి. ఉప్పునీరు తోడి తోడి నేల కుంగిపోయి, నగరం నడిబొడ్డున ఇళ్లు పగుళ్లిచ్చి కూలిపోయాయి. ఇప్పుడు కుంగిన చోటే ఉప్పునీటి కొలనులు కట్టి జనాన్ని ఈతకు రమ్మంటున్నారు. ఉప్పు కోసం ఊరే కిందికి దిగిపోయిన చోట, ఉప్పు తగ్గించమని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

చలికాలం పొడుగ్గా ఉండే కొండ ప్రాంతం అది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఆరు నెలలు తినడానికి ఏం నిలవ చేసినా ఉప్పుతోనే. క్యాబేజీని పీపాల్లో ఉప్పునీళ్లలో ఊరబెడతారు. మిరపకాయలు, పచ్చి టమాటాలు, దోసకాయలు ‘తుర్షియా’గా ఊరతాయి. మాంసానికి ఉప్పు పట్టించి పొగ మీద ఆరబెడితే ‘సుహో మేసో’. ట్రావ్నిక్ పక్క వ్లాషిచ్ కొండల గొర్రెపాల జున్ను ఉప్పునీళ్లలోనే మాగుతుంది. ఆవకాయ, ఊరమిరపకాయలు, ఉప్పుచేప ఇళ్లలో ఉన్నవాళ్లకు దీని వెనక ఉన్న తెలివి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే చలికాలానికి దాచుకున్న నిలవ పదార్థం ఏడాది పొడవునా, రోజుకు మూడు పూటలా, తాజా కూరగాయలు దొరికే రోజుల్లో కూడా పళ్లెంలో ఉంటే లెక్క మారిపోతుంది.

దీనికి 1959లో ఇంకొకటి తోడైంది: వెగెటా. ఎండబెట్టిన కూరగాయల ముక్కలు, మసాలా, రుచి పెంచే పదార్థం కలిపిన పొడి. బరువులో సగానికి పైగా ఉప్పే. క్రొయేషియాలోని పొద్రావ్కా కంపెనీలో దీన్ని తయారుచేసిన శాస్త్రవేత్త జ్లాటా బార్టల్ పుట్టింది బోస్నియాలోనే, ట్రావ్నిక్ దగ్గర దోలాట్స్‌లో. ఇప్పుడు గ్రాహ్‌లో వెగెటా, చారులో వెగెటా, కోడి మీద చల్లేదీ వెగెటా. చిక్కేమిటంటే చాలామంది గృహిణులు దాన్ని ఉప్పుగా లెక్కపెట్టరు. ‘ఉప్పు బాగా తగ్గించాను’ అని నిజాయితీగానే చెబుతారు, ఆ చేత్తోనే రెండు చెంచాల వెగెటా వేస్తారు. పైగా రొట్టెలో దాగిన ఉప్పు ఎవరి లెక్కలోకీ రాదు. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊరబెట్టిన క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం చుట్టి, మధ్యలో పొగపట్టిన మాంసం ముక్కలు పేర్చి వండే సర్మా ఒక్క పళ్లెంతో, దాని పక్కన రొట్టెతో ఆ హద్దు దగ్గరికి చేరిపోవచ్చు.

ఆకలి చూసిన పళ్లెం

1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా 1,425 రోజులు సారాయెవో ముట్టడిలో ఉంది. చుట్టూ కొండల మీద బోస్నియా సెర్బు సైన్యం ఫిరంగులు, కింద లోయలో నీళ్లు, కరెంటు, గ్యాస్ లేని నగరం. 1992 జులైలో మొదలైన ఐక్యరాజ్యసమితి విమాన సరఫరా 1996 జనవరి దాకా సాగింది. 1948-49లో దారులు మూసుకుపోయిన బెర్లిన్‌కు విమానాల్లో తిండి మోసిన కాలం కంటే ఎక్కువ అది. వచ్చేది బియ్యం, మాకరోని, గింజలు, నూనె, పిండి, పాలపొడి, డబ్బా మాంసం. తాజా కూరగాయ అనేది కల. జనం బాల్కనీల్లో డబ్బాలు పెట్టి టమాటాలు పెంచారు, పార్కుల్లో దురదగొండి ఆకు, డాండెలియన్ ఆకు కోసుకొచ్చి వండుకున్నారు. గోధుమపిండి దొరికినరోజు ఏమీ పెట్టకుండానే పీతా చుట్టారు. ఆకలి రుచెరుగదంటారు గానీ, కుక్కలు కూడా ముట్టనంత అధ్వాన్నంగా ఉండేదని జనం చెప్పుకునే ఆ డబ్బా మాంసానికి 2007లో సారాయెవోలో ఒక విగ్రహమే నిలబెట్టారు. పెద్ద డబ్బా ఆకారం, కింద ‘అంతర్జాతీయ సమాజానికి, కృతజ్ఞతతో సారాయెవో పౌరులు’ అని రాసి ఉంటుంది. ఆ కృతజ్ఞతలో ఎంత చేదు ఉందో ఆ ఊరివాళ్లకు తెలుసు.

పెద్దవాళ్లు ఎముకలు తేలేంతగా చిక్కిపోయారు. పుట్టే పిల్లల బరువు తగ్గిందని ఆనాడే డాక్టర్లు నమోదు చేశారు. ఇది ముఖ్యం ఎందుకంటే, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు తల్లి కడుపులో ఉన్న పిల్లలను దశాబ్దాల పాటు గమనించిన పరిశోధకులకు, పెద్దయ్యాక వాళ్లలో షుగర్ సమస్య ఎక్కువగా కనిపించింది. కడుపులో ఉన్నప్పుడు కరువు చూసిన శరీరం దొరికినదాన్ని దాచుకునేలా తయారవుతుంది. అలాంటి శరీరం తర్వాత బేకరీల మధ్య పెరిగితే ఏమవుతుందో ముట్టడిలో పుట్టిన తరం విషయంలో శ్రద్ధగా చూడాల్సి ఉంది. వాళ్లకు ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి.

ఇంకొక సంగతి ఏ రక్తపరీక్షలోనూ కనిపించదు. ఆకలి చూసిన తల్లి పళ్లెంలో తిండి మిగిలితే సహించలేదు. ‘యేదీ, యేదీ’ అని వెంటపడుతుంది. తిను, తిను అని. ఇంటికొచ్చినవాడు వద్దన్నా వడ్డిస్తూనే ఉంటుంది. బొద్దుగా ఉన్న మనవడిని చూస్తే ఆమెకు కనిపించేది స్థూలకాయం కాదు, వాడు ఆకలితో లేడన్న ధైర్యం. ఆమెకు కేలరీల లెక్క చెప్పే డాక్టరు ముందు ఆ 1,425 రోజుల లెక్క తెలుసుకోవాలి.

సికిరాత్సియా మాట ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోవాలి. యుద్ధంలో దాదాపు లక్షమంది చనిపోయారు, ఇరవై లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలారు. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో 8,000 మందికి పైగా మగవాళ్లను, మగపిల్లలను బోస్నియా సెర్బు సేనలు చంపేశాయి. ఏళ్ల తరబడి ఎముకల గుర్తింపు కోసం ఎదురుచూసిన తల్లికి బీపీ ఎందుకు పెరిగిందో చెప్పడానికి ఉప్పు ఒక్కటే చాలదు. తీవ్రమైన మానసిక గాయం తర్వాత గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకుంటుంది. నిద్ర పట్టదు, ఒత్తిడి హార్మోన్లు తగ్గవు, మనిషి సిగరెట్ వైపు, తీపి వైపు చెయ్యి చాపుతాడు. రోగి చెప్పిన కారణం అశాస్త్రీయం కాదు, ఆమె దాన్ని తన మాటలో చెప్పింది, అంతే.

సిగరెట్‌కు ఆ నేలమీద ఉన్న చోటు కూడా మామూలుది కాదు. సారాయెవో పొగాకు ఫ్యాక్టరీ 1880లో మొదలైంది. ముట్టడిలో రొట్టె ఆగిన రోజులున్నాయి గానీ ఫ్యాక్టరీ ‘ద్రీనా’ సిగరెట్లు చుడుతూనే ఉంది. పెట్టెలకు అట్ట లేకపోతే పుస్తకాల కాగితం, పాత ఫారాలు వాడారు. సైనికులకు జీతం బదులు సిగరెట్లు ఇచ్చారు. వాటితోనే బజారులో నూనె, పంచదార కొన్నారు. ఈరోజుకీ పెద్దవాళ్లలో పదిమందికి దాదాపు నలుగురు పొగ తాగుతారు. యూరప్‌లోనే పైవరసలో ఉండే లెక్క అది. బోస్నియాక్, క్రోయాట్ ప్రాంతాలు కలిసిన ఫెడరేషన్‌లో 2022లో కాఫీ హోటళ్లతో సహా మూసి ఉన్న బహిరంగ స్థలాల్లో పొగ నిషేధించే చట్టం వచ్చింది. ఒక్క చర్యతో ఎక్కువ గుండెలు కాపాడాలంటే బురెక్ మానిపించడం కంటే సిగరెట్ మానిపించడమే ముందు వరసలో ఉంటుంది. తిండి గురించి రాసేవాళ్లు ఈ మాట చెప్పకుండా దాటవేయకూడదు.

కాఫీ, సిగరెట్ అక్కడ జంట. ‘జెజ్వా’ అనే పొడుగు పిడి రాగిపాత్రలో కాచి, ‘ఫిల్జాన్’ అనే పిడిలేని చిన్న కప్పులో పోస్తారు. చక్కెర ముక్కను కాఫీలో అద్ది నాలుక కింద పెట్టుకుని తాగుతారు. అతిథి రాగానే ఇచ్చే కాఫీకి ఒక పేరు, కబుర్ల కాఫీకి ‘రజ్‌గొవొరుషా’ అని ఒక పేరు, ఇక బయల్దేరవచ్చని చెప్పకనే చెప్పే కాఫీకి ‘సిక్తెరుషా’ అని ఇంకో పేరు. వడకట్టకుండా కాచిన కాఫీలోని నూనెల్లో ఉండే కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను కొంత పెంచుతుంది, అది నిజమే. అయినా కాఫీ మానెయ్యమని చెప్పడం పొరుగింటికి వెళ్లొద్దని చెప్పడమే. ఒంటరితనం కూడా గుండెకు చేటే. చక్కెర ముక్కలు తగ్గించమనడం, పక్కనున్న సిగరెట్‌ను విడదీయడం న్యాయమైన సలహా.

సెయింట్ లూయిస్‌లో బోస్నియా

1993 నుంచి అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్‌కు బోస్నియా శరణార్థులు రావడం మొదలైంది. పాడుబడిపోతున్న బేవో మిల్ ప్రాంతంలో ఇళ్లు బాగుచేసుకుని, బేకరీలు, మాంసం దుకాణాలు, కాఫీ హోటళ్లు పెట్టారు. ఇప్పుడు అమెరికాలో బోస్నియావాళ్లు ఎక్కువగా ఉండే నగరం అదే. వేల మైళ్ల దూరంలో ఇంటి రుచి నిలబెట్టుకున్నారు. దాంతోపాటు చేరినవి వేరే ఉన్నాయి. ఊళ్లో పొదుపుగా వాడే మాంసం ఇక్కడ చవక. నడిచి వెళ్లే బజారు పోయి కారు వచ్చింది. రాత్రి షిఫ్టులు, ఆ తర్వాత చాలామంది మగవాళ్లు పట్టిన లారీ స్టీరింగ్. రోజుకు పది గంటలు కూర్చునే పని అది. చెంచా వంట లారీ క్యాబిన్‌లోకి ఎక్కదు. తోటలో మొలిచిన ఆకుకూర, చెట్టు మీది రేగుపండ్లలాంటి ప్లమ్ కాయలు, ఊరి పాలు మాత్రం సముద్రం దాటి రాలేదు.

అక్కడి ఆసుపత్రుల్లో తొలినాళ్లలో దుబాసీ పని చేసింది చాలాసార్లు పిల్లలే. పదేళ్ల పిల్ల అమ్మమ్మ షుగర్ గురించి డాక్టరు మాటలు తర్జుమా చేస్తుంది. చేతిలో పెట్టే కాగితంలో అమ్మమ్మ ఎన్నడూ వినని గింజలు, సలాడ్ పేర్లు. అందులో పీతా లేదు, సర్మా లేదు, గ్రాహ్ లేదు. తన వంటలేవీ అందులో లేకపోయేసరికి ‘నీ వంటంతా తప్పే’ అని ఆ కాగితం అన్నట్టు ఆమెకు వినిపిస్తుంది. అన్నీ పోగొట్టుకుని వచ్చిన మనిషికి మిగిలింది ఆ వంట ఒక్కటే. ఆమె కాగితాన్ని మడిచి డ్రాయర్‌లో పెట్టేస్తుంది. తప్పు ఆమెది కాదు.

పనికొచ్చే సలహా ఆ వంటింటి లోపలి నుంచే దొరుకుతుంది. సర్మా మానక్కర్లేదు. ఊరిన క్యాబేజీ ఆకులను రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఉప్పు చాలా మట్టుకు దిగిపోతుంది. పొగమాంసం వేసిన వంటలో వెగెటా అక్కర్లేదు. బురెక్ బదులు జెల్యానిత్సా, పైన ధారగా పోసే నూనె బదులు కుంచెతో పూత, పక్కన కోలా కాకుండా ఎప్పటిలా పెరుగు. బక్‌వీట్ పిండితో పీతా చుట్టే పాత పద్ధతి, మొక్కజొన్న రొట్టె మళ్లీ మొదలుపెట్టొచ్చు. దక్షిణాన హెర్జెగోవినా వైపు వెళ్తే మధ్యధరా గాలి తగులుతుంది. అక్కడ ‘రాష్తికా’ అనే ముదురు ఆకుకూర ఉంది, దాని ఆకులతోనే చుట్టలు చుడతారు, ఊరబెట్టే పనే లేదు. అంజూర, దానిమ్మ పండుతాయి. ప్లమ్ పండ్లను చక్కెర వేయకుండా గంటల తరబడి కాచి చేసే ‘పెక్మెజ్’ దేశమంతా ఎరిగినదే. రొట్టె మీద రాయడానికి కొనుక్కొచ్చిన జామ్ కంటే అది ఎంతో మేలు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం పండులోని చక్కెర అందులోనూ చిక్కబడి ఉంటుందని మరవకూడదు.

మతాలూ ఇందులో తోడుంటాయి. ఆర్థడాక్స్ క్రైస్తవుల్లో నిష్ఠగా ఉండేవాళ్లు ఏడాదిలో సగం రోజుల దాకా మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల వంటను ‘పోస్నో’ అంటారు. మాంసం లేని గ్రాహ్, నూనె లేని క్యాబేజీ కూర వాళ్లకు కొత్త కాదు. కాథలిక్కులకు శుక్రవారం చేప ఉంది, ఈస్టర్ ముందు నలభై రోజులున్నాయి. ముస్లింల ఇళ్లలో రంజాన్ ఇఫ్తార్ మొదలయ్యేది చోర్బాతోనే, అంటే మళ్లీ చెంచా వంటే. అయితే ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఉపవాసానికి ముందు డాక్టరును కలవాలి, ఇమాములు కూడా ఆ మాటే చెబితే బరువుంటుంది.

రొట్టెలో దాగిన విషం

మనిషి చేతిలో ఉన్నదాని గురించి ఇంతసేపు చెప్పుకున్నాం. చేతిలో లేనిదానికి బోస్నియాలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. ఉత్తరాన సావా నది ఒడ్డున పొసావినా, బియెల్యినా వైపు పల్లెల్లో ఒక కిడ్నీ జబ్బు తరతరాలుగా జనాన్ని తినేసింది. సెర్బియా, క్రొయేషియా, రొమేనియా, బల్గేరియాల్లో కూడా డాన్యూబ్‌లో కలిసే నదుల వెంట ఇదే జబ్బు. 1950ల్లో డాక్టర్లు దీన్ని విడిగా గుర్తించి బాల్కన్ ఎండెమిక్ నెఫ్రోపతి అని పేరు పెట్టారు. ఒళ్లు పాలిపోయి రాగిరంగు తిరుగుతుంది, కాళ్లవాపు ఉండదు, బీపీ చాలాకాలం మామూలుగానే ఉంటుంది. తెలిసేసరికి కిడ్నీలు ముడుచుకుపోయి ఉంటాయి. మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వస్తుంది. ఒక ఊళ్లో ఉంటుంది, పక్క ఊళ్లో ఉండదు. చిన్నప్పుడే ఊరు వదిలినవాళ్లకు రాదు, బయటినుంచి వచ్చి పదిహేను, ఇరవై ఏళ్లు అక్కడ కాపురం చేసినవాళ్లకు వస్తుంది.

నీళ్లన్నారు, బొగ్గు పొరలన్నారు, లోహాలన్నారు, గింజలకు పట్టే బూజు అన్నారు. యుగోస్లావియాకు చెందిన ఇవిచ్ అనే శాస్త్రవేత్త 1969 ప్రాంతంలోనే గోధుమ చేలల్లో మొలిచే ఒక కలుపుమొక్కను వేలెత్తి చూపించాడు. స్థానికులు ‘వూచ్యా స్తోపా’ అంటారు, తోడేలు పాదం అని అర్థం. శాస్త్రీయనామం అరిస్టోలోకియా క్లెమటైటిస్. పంటతో పాటు దాని గింజలు కూడా కోతలో పడి, ఊరి మిల్లులో గోధుమలతో కలిసి పిండి అయ్యేవి. ఆ మాట ఎవరూ పెద్దగా వినలేదు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మాత్రలు వాడిన ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ మాత్రల్లో ఇదే జాతి మొక్క ఉంది, కిడ్నీ దెబ్బతిన్న తీరు బాల్కన్ జబ్బును పోలి ఉంది. 2007లో గ్రోల్‌మన్, యెలాకోవిచ్ బృందం రోగుల కిడ్నీ కణాల డీఎన్ఏలో అరిస్టోలోకిక్ ఆమ్లం వదిలిన గుర్తులు చూపించింది. జబ్బు ఇంట్లో కాల్చుకున్న రొట్టెలోంచి వచ్చింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రజలకు ఈ కథ ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా? కవిటి, కంచిలి, సోంపేట, పలాస వైపు కొబ్బరితోటల మధ్య అదే తీరు: కొన్ని ఊళ్లు, మామూలు కారణాలకు లొంగని కిడ్నీ జబ్బు, ఒక్కొక్కటిగా ముందుకొచ్చి నిలబడని ఊహలు. ఉద్దానంలో కారణం ఇంకా తేలలేదు. ఈ రెండూ ఒకే జబ్బని అనడానికి లేదు. కానీ ‘మీ అలవాట్ల వల్లే’ అని బాధితులనే నిందిస్తూ కూర్చోకుండా, చేలూ మిల్లులూ పట్టుకు తిరిగి వెతికినప్పుడే బాల్కన్‌లో ముడి వీడింది. ఇంకొక మాట: మన నల్లేశ్వరి, గాడిదగడపాకు కూడా అరిస్టోలోకియా జాతివే. పాముకాటుకూ, కడుపునొప్పికీ నాటుమందుగా లోపలికి తీసుకునే అలవాటు ఉన్నచోట అది మానడం మంచిది.

బోస్నియాలో మనిషి చేతిలో లేనివి ఇంకా ఉన్నాయి. చలికాలంలో సారాయెవో, తుజ్లా, జెనిత్సా లోయల మీద బొగ్గుపొగ రోజుల తరబడి మూతలా కూర్చుంటుంది. ఆ గాలి గుండెకూ ఊపిరితిత్తులకూ చేసే హాని ఉప్పు చేసేదానికి తోడవుతుంది. చిత్రంగా జనం భయపడేది ‘ప్రోమహా’ అంటే, తలుపు కిటికీ మధ్య వీచే గాలికి. మెడ పట్టేస్తుందని, జబ్బు చేస్తుందని బస్సు కిటికీ మూసేస్తారు. గాలిలోని మసిని మాత్రం ఏ కిటికీ ఆపలేదు.

డేటన్ ఒప్పందం 1995లో యుద్ధాన్ని ఆపింది, దేశాన్ని రెండు భాగాలుగా విడదీసింది; బ్రిచ్కో జిల్లా ఆ తర్వాత విడిగా ఏర్పడింది. ఫెడరేషన్‌లో మళ్లీ కాంటన్లు అనే పది పరిపాలనా ప్రాంతాలు, ఒక్కోదానికి ఒక ఆరోగ్య మంత్రి. ఆరోగ్య బీమా కూడా అలాగే ముక్కలైంది. ఒక కాంటన్‌లో దొరికే మందు పక్క కాంటన్‌లో బీమా కిందకు రాకపోవచ్చు. రొట్టెలో ఉప్పు తగ్గించే నిబంధన ఒకటి దేశమంతా రావాలంటే ఇంతమంది ఒప్పుకోవాలి. ఊరి స్థాయిలో ‘దోమ్ జ్ద్రావ్ల్యా’ అనే ఆరోగ్యకేంద్రాలు, యుద్ధం తర్వాత వచ్చిన కుటుంబ వైద్యుల పద్ధతి మంచి పునాదులు. ఆ డాక్టర్లు, నర్సులు జర్మనీకి వెళ్లిపోతున్నారు. ఖాళీ అవుతున్న పల్లెల్లో ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు ఒక్కరి కోసం కుండ ఎందుకు పెట్టాలని రొట్టె, డబ్బాలో వచ్చే మాంసం పేస్టు, కాఫీతో పూట గడుపుతున్నారు. యుద్ధంలో కాదు, శాంతిలో జరుగుతున్న నష్టం ఇది.

సావా ఒడ్డున మాత్రం మార్పు కనిపిస్తోంది. కలుపుమందులు, గింజలు శుభ్రం చేసే యంత్రాలు వచ్చాయి, ఊరి మిల్లు పిండి బదులు దుకాణం రొట్టె వచ్చింది. ఏ సలహా కాగితమూ పంచకుండానే పిండి బాగుపడింది. ఇప్పుడు బాల్కన్ కిడ్నీ జబ్బుతో డయాలిసిస్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు, చిన్నప్పుడు ఊరి మిల్లు రొట్టె తిన్నవాళ్లు. వారానికి మూడుసార్లు బస్సెక్కి పట్నం వచ్చి, నాలుగు గంటలు మంచం మీద పడుకుని, సాయంత్రానికి మళ్లీ ఆ చేల మధ్య నుంచే ఇంటికి వెళ్తారు.